రెండు నోళ్లు, ఇద్దరు పిల్లలు

కాలవకి నీళ్లు వదులుతున్నారన్న కబురు కొంగలు తెచ్చాయి. రేపు పొద్దెక్కేసరికి పల్లపు చేలన్నీ మునుగుతాయి. గట్టు కింద బొరియల్లో కాపురముండే ఎలుకలు నాట్లకి ముందు మెట్టకి వలసపోవడం, కోతల వేళకి తిరిగి రావడం ఏటా ఉన్నదే. పోవడం కష్టం కాదు, సర్దుకోవడమే కష్టం. ఎలుక జాతికి దాచడం తెలుసు గానీ వదలడం తెలీదు.

పైడమ్మ మొగుడు గవరయ్య ఆ జాతిలో మరీ మొనగాడు. దాచిన వరికంకులన్నీ బయటికి లాగి, వాటి మీద గోనెపీచు పరుపు వేసి, ఆ పైన కాపలావాడి పాకలో కొట్టుకొచ్చిన ఎండుచేప తల పెట్టి, తీగతో మూట బిగిస్తున్నాడు. మూట గవరయ్యని మించిపోయింది.

“ఏమయ్యా, చేప తల ఎందుకు?” అంది పైడమ్మ.

“పండక్కి.”

“మెట్ట మీద పండగెవరు చేస్తారు?”

“ఎవరైనా చేస్తే మన దగ్గర చేప ఉండాలి కదే.”

అంతలో నక్క వచ్చి బొరియ దగ్గర మూతి పెట్టి, పెళ్లిపెద్దలా పలకరించింది.

“బావా, ప్రయాణమా? ఒక్క గింజ కూడా వదలొద్దు. నెలల తరబడి పరాయిచోట ఉండేవాళ్లు చేతులూపుకుంటూ పోతే నలుగురూ నవ్వరూ? అన్నీ కట్టుకోండి. కాసేపట్లో వస్తా. డొంకదారిలో నేనే తోడుండి దాటిస్తా.”

నక్క అటు వెళ్లగానే, “చూశావా, బావకున్నపాటి తెలివి నీకు లేదు” అన్నాడు గవరయ్య.

పైడమ్మకి ఒళ్లు మండింది. అతివినయం ధూర్తలక్షణమని ఆమెకి వాళ్లమ్మ ఉగ్గుపాలతో నేర్పింది. నక్కకి కంకులతో పనేముంది? బరువెత్తిన ఎలుక పరుగెత్తలేదు. నక్కకి కావలసింది అదే.

బొరియ మూల కళ్లు తెరవని పసివాళ్లిద్దరు ముడుచుకుని పడుకున్నారు. వాళ్లని చూపిస్తూ అంది పైడమ్మ, “నా నోట్లో ఒకడు. నీ నోట్లో మూట. రెండోవాడు ఎవరి నోట్లో?”

గవరయ్య మూటని చూశాడు, పిల్లల్ని చూశాడు. “ఒక్క కంకి...” అన్నాడు.

“ఉన్నది ఒక్క నోరు. బిడ్డో, కంకో తేల్చుకో. బతికుంటే బలుసాకు తినొచ్చు.”

గవరయ్య ఏడ్చాడు. ఏడాది కష్టం మరి, ఏడుపు రాదా? పైడమ్మ తోకతో అతని వీపు నిమిరింది. తర్వాత, “ఈ మూట కూడా వస్తుందిలే, మనం మాత్రం మొయ్యం” అని బయటికి నడిచింది.

నక్క తిరిగొచ్చేసరికి గుమ్మంలో మూట, మూట పక్కన పైడమ్మ.

“అన్నయ్యా, మీ మాట ప్రకారం అన్నీ కట్టాం. తీరా చూస్తే కదలట్లేదు. ఇంత సామాను మోసే మెడ ఈ చేలల్లో మీదొక్కరిదే. మీరు ముందు నడిస్తే పిల్లలతో మీ వెనకే వస్తాం.”

నక్క లోపల్లోపల నవ్వుకుంది. మూట ఎటుపోతే గవరయ్య అటే వస్తాడు. భోజనం తన కాళ్ల మీద తానే నడిచొస్తుంటే మూట మోస్తే తప్పేంటి? మెడ వంచింది. పైడమ్మ ఆ మెడకి తీగ చుట్టి, లాగేకొద్దీ బిగుసుకునే ముడి వేసింది. ఆమె ఒక్కదాన్నీ మింగితే మిగతావాళ్లు బొరియలోనే ఉండిపోతారని నక్కకి తెలుసు. నక్కకి తెలుసని పైడమ్మకి తెలుసు. అందుకే ఆమె తాపీగా ముడి సరిచూసుకుంది.

ముందు నక్క, వెనక ఎలుకలు, ఒక్కో నోట్లో ఒక్కో పిల్లతో డొంక పట్టారు. కాపలావాడి పాక వెనక్కి రాగానే నక్క గిర్రున తిరిగింది. అప్పటికే పైడమ్మ పక్కనున్న ముళ్లకంచె సందులోకి దూరింది, వెంటనే గవరయ్యా దూరాడు. నోట్లో పిల్ల తప్ప వాళ్లకి అడ్డుతగిలేది ఏమీ లేదు.

నక్క వాళ్ల మీదికి దూకింది. తల దూరింది గానీ మూట ముళ్లలో ఇరుక్కుంది. వెనక్కి లాగితే ముడి బిగిసి గొంతు పట్టేసింది. ఈ పెనుగులాటలో చేప వాసన గుప్పుమని పాకలోని కుక్కకి తగిలింది.

“ఎవరది, మా పాకలో చేప మోసుకుపోతున్నది?” అంటూ వచ్చింది కుక్క.

“నాది కాదు మహాప్రభో, ఎలుకలది. నేను మోసిపెడుతున్నానంతే.”

“ఎలుకల సామాను నక్క మోస్తోందా?” కుక్క అటూ ఇటూ చూసింది. “ఏవీ ఎలుకలు?”

తరవాత జరిగింది నక్క ఎవరికీ చెప్పుకోలేదు గానీ, కుంటుతూ తిరుగుతున్న దాన్ని చూసినవాళ్లకి చెప్పకుండానే తెలిసింది.

మెట్ట ఎక్కాక గవరయ్య పిల్లని గడ్డిలో మెల్లగా దించాడు.

“నోరు నొప్పెట్టిందా?” అంది పైడమ్మ.

“లేదే. వీడసలు బరువే లేడు.”

దూరం పోయేవాళ్లు మోయాల్సింది తమవాళ్లనే. మిగతాదంతా మొయ్యమని సలహా ఇచ్చినవాడి మెడకే తగిలించాలి.