ముక్కుతాడు ఎద్దుతో మాట్లాడిన పిల్ల

అనగనగనగా కొండకి ఇవతల ఒక ఊరు. ఊరి పేరడక్కండి, మా అమ్మమ్మ నాకు చెప్పేనాటికే మర్చిపోయింది. లాస్యా, తమ్ముడి మీంచి కాలు తియ్యి. ఊ కొట్టేవాళ్ళకి కథ, కొట్టనివాళ్ళకి నిద్ర.

ఆ ఊళ్ళో సింహాచలమ్మని ఒక ముసలమ్మ ఉండేది. ఆవిడ కొడుకు పోలినాయుడు బండి మీద ఉప్పేసుకుని కొండ దాటి వెళ్ళేవాడు, చింతపండేసుకుని తిరిగొచ్చేవాడు. ఒకసారి చింతపండుతో పాటు పెళ్ళాన్ని కూడా తెచ్చాడు. కొండవతలి పిల్ల, పేరు కుంతల.

ముసలమ్మ గబగబా తలుపేసింది. ఎందుకంటే ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. ఇప్పటి రాజుగారి తాతకీ, కొండవతలి రాజుకీ ఎప్పుడో గొడవొచ్చిందట. అప్పట్నించీ కొండవతలి మాట ఇవతల ఎవరి నోట వినబడినా సరే, పొద్దు వాలేలోగా మూట సర్దించి కొండ దాటించేస్తారు. మొగుడున్నా దాటాల్సిందే, పిల్లలున్నా దాటాల్సిందే. దేనికొచ్చిన గొడవంటావా? అది వాళ్ళకే గుర్తులేదమ్మా. కట్టడి మాత్రం గుర్తుంది.

అప్పుడు ముసలమ్మ ఏం చేసిందీ, కోడలి ఎడమవైపు ముక్కుపుడక తీయించేసింది. కొండవతలి ఆడవాళ్ళకి ముక్కుకి రెండు వైపులా పుడకలుంటాయి, ఇవతల కుడివైపు ఒక్కటే. పుడక తీస్తే పోయింది, నోరో? మా కోడలు మూగది అని ఊరంతా చెప్పేసింది. బావి దగ్గర మూగది, సంతలో మూగది, పేరంటంలో మూగది. ఇంటికొచ్చి తలుపేస్తే మాత్రం గలగలా గలగలా. అత్తకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఊ కొట్టేది పాపం. మీరు కొడుతున్నారా?

కుంతలకి కూతురు పుట్టింది. పైడి. దానికి నాలుగేళ్ళొచ్చేసరికి అమ్మతో అమ్మ మాట, నాన్నమ్మతో నాన్నమ్మ మాట. ఒక్కనాడూ ఇదీ అదీ కలపలేదు. అన్నం ఏ చేత్తో తినాలో వందసార్లు చెప్పాం, ఏ మాట ఎవరితో ఆడాలో ఒక్కసారీ చెప్పలేదే, దీనికెలా తెలిసిందా అని ముసలమ్మ బుగ్గ మీద వేలేసుకునేది. వీధిలో పిల్ల నోరు జారనూ లేదు, ముసలమ్మ భయపడనూ లేదు.

అసలు సంగతేమిటంటే, తనకి రెండు భాషలొచ్చని పైడికి తెలియనే తెలియదు. నాలుగేళ్ళ పిల్లకి భాషంటే ఏం తెలుసు? అమ్మ ముక్కుకి రెండు వైపులా కన్నాలున్నాయి. కాబట్టి రెండు కన్నాల వాళ్ళతో ఒకలాగ మాట్లాడాలి, మిగతా లోకంతో ఇంకోలాగ. అదీ దాని చట్టం. నవ్వకు లాస్యా. మొన్న మీ అపార్ట్‌మెంట్ కింద కుక్కతో ఇంగ్లీషూ, ఆవుతో తెలుగూ మాట్లాడిందెవరు? ఆవుకి ఇంగ్లీషు రాదని నీకెవరు చెప్పారు?

నాయుడి బండెద్దులు ఎప్పుడూ దారిలోనే ఉండేవి. ఆ యేడు ఒకటి కుంటుతోందని ఇంటిముందు కట్టేశారు. పైడి దగ్గరికెళ్ళి చూసింది. ముక్కులోంచి ఇటునించి అటు తాడు. ఈ కన్నంలో దూరి, ఆ కన్నంలోంచి వచ్చింది. ఓహో, నువ్వూ అమ్మలాంటి దానివేనా అనుకుంది. అనుకుని, గడ్డి తిన్నావా, నీళ్ళు తాగావా, మీ అమ్మేదీ అని కొండవతలి మాటలో కుశలం మొదలెట్టింది.

అటుగా తలారి వెళ్తున్నాడు. తలారి విన్నాడు, కర్ర జారవిడిచాడు. తలారి చెబితే కరణం విన్నాడు, గంటం జారవిడిచాడు. కరణం చెబితే మంత్రి విన్నాడు, తాంబూలం జారవిడిచాడు. మంత్రి చెబితే రాజు విన్నాడు. ఆయన చేతిలో ఏమీ లేదు, అందుకని సింహాసనం మీంచి తనే జారాడు. ఇన్ని నోళ్ళు దాటేసరికి, పిల్ల ఎద్దుతో మాట్లాడిందన్నది పోయి, ఎద్దే మాట్లాడిందని తేలింది.

అత్తనీ, కొడుకునీ, మూగకోడల్నీ, పిల్లనీ, ఎద్దునీ సభకి లాక్కొచ్చారు. ఎద్దు కొండవతలి వేగులవాడని మంత్రి తేల్చాడు. నువ్వెవరి మనిషివని ఎద్దుని మూడుసార్లు గద్దించి అడిగాడు. ఎద్దు మూడోసారికి సభ మధ్యలో పేడ వేసింది.

ఇక రాజు పిల్లని పిలిచి, ఆ మాట నీకెవరు నేర్పారమ్మా అని మెల్లిగా అడిగాడు. ఎవరూ నేర్పలేదు, అలాంటి వాళ్ళతో అలాగే కదా మాట్లాడతారు అంది పైడి. ఎలాంటి వాళ్ళతో అన్నాడు రాజు. పైడి వేలు తిన్నగా వాళ్ళమ్మ ముక్కు మీదికి పోయింది. సభంతా ఆ ముక్కు చూసింది, ఆ ఎడమవైపు కన్నం చూసింది.

రాజు చెడ్డవాడు కాదు, కానీ కట్టడి కట్టడే అన్నాడు. పొద్దు వాలేలోగా కొండ దాటమన్నాడు. ఊరికి అయిదేళ్ళుగా మూగదైన కుంతల బావురుమంది. ఆ గొంతు విని, తమాషా చూడ్డానికి వెంటొచ్చిన ఊరివాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. సింహాచలమ్మ మాత్రం చెంగు దోపుకుని ముందుకొచ్చింది. "అయితే నేనూ దాని వెంటే పోతాను బాబూ. అక్కడ నాకొక్క ముక్క రాదు. ఫర్వాలేదు, ఇన్నాళ్ళూ అది నాకోసం మూగదైంది, ఇక దానికోసం నేనవుతాను" అంది.

పెద్దవాళ్ళంతా ఏడుస్తుంటే పిల్లలకేం గుర్తొస్తుంది? ఆకలి గుర్తొస్తుంది. పైడి అటూ ఇటూ చూసి, ఓ పక్కన కూర్చున్న రాజుగారి తల్లి దగ్గరికెళ్ళి నిలబడింది. రాజమాతకి కుడిముక్కున వజ్రపు పుడక. ఎడమవైపు ఏమీ లేదు. కానీ కిందనించి తలెత్తి చూసేవాళ్ళకి, అక్కడ సన్నగా ఒక కన్నం. కిందనించి ఆవిడ ముక్కు చూసేంత చనువు ఆ రాజ్యంలో ఎవరికుంది?

పైడి చూసింది. చూసి కొండవతలి మాటలో, ఆకలేస్తోంది పెట్టవా అంది.

"రా తల్లీ, నా ఒళ్ళో కూర్చో, పాలన్నం తెప్పిస్తాను" అందావిడ. అదీ కొండవతలి మాటలోనే. అనేశాక చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఊ కొట్టడం ఆపేశారేం, మీరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారా?

రాజు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నీకెలా వచ్చు ఆ మాట?" అన్నాడు. "నేను అక్కడి పిల్లనే నాయనా. నువ్వు పుట్టకముందే మీ తాతగారు కట్టడి పెట్టారు. ఎడమ పుడక తీసేసి, ఆ మాట మింగేసి ఇక్కడే ఉండిపోయాను. నీకు జోలపాట కూడా పెదవి కదపకుండా లోపల్లోపలే పాడాను" అంది. అని ఒళ్ళో పిల్లని ఎత్తుకుని లేచింది. "పొద్దు వాలుతోంది. నా మూట కూడా సర్దించు" అంది.

రాజు మంత్రి వంక చూశాడు. మంత్రి పేడ వంక చూశాడు. రాజు లేచెళ్ళి, కట్టడి రాసిన తాటాకు తెప్పించి ఎద్దు ముందు పడేశాడు. దానికి చదువు రాదుగా, చక్కగా నమిలేసింది. నాకూ యాభై దాటాకే కదా అక్షరాలొచ్చాయి, అంతవరకూ నాకు కాగితమంటే పొట్లమే.

ఆకలన్నవాళ్ళు ఏ భాషలో అడిగారని చూడకూడదర్రా, కంచంలో ఏం పెట్టగలమో చూడాలి.

ఆ పూట రాజు, అంతంత మీసాలున్నవాడు, తల్లి పక్కన చేరి ఆ జోలపాట ఒక్కసారి పైకి పాడమన్నాడట. ఆవిడ మొదలెట్టింది. సగంలో ఆగిపోయింది. నలభయ్యేళ్ళు నోట్లో దాచింది కదా, తక్కిన సగం కరిగిపోయింది. అప్పుడు కుంతలని పిలిపించారు. కుంతల గడపలోనే నిలబడి, బిడియపడుతూ, ఆ మిగిలిన సగం అందుకుంది.

కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పటి దారి పట్టండి.