అచ్చాయమ్మ గడ్డివామి

ఏటికి ఇవతలి గట్టున, మోదుగు చెట్ల నడుమ, జంతువుల కళాశాల ఒకటి ఉండేది. గాలిలో వాసన పసిగట్టడం, విషపు ఆకును గుర్తుపట్టడం, ఎండాకాలంలో ఊటనీళ్లు వెతుక్కోవడం అక్కడ చెప్పే చదువులు. కళాశాల హద్దులో ఎవరూ ఎవరినీ వేటాడకూడదన్నది కట్టుబాటు. అవతలి గట్టున అలాంటిదే ఇంకో కళాశాల ఉండేది. ఏటా వేసవి చివర్లో రెండు గట్ల జింకలకూ పరుగుపందెం జరిగేది. చదువుల్లో ఏ గట్టు మేలో అడిగినవాళ్లు లేరు గానీ, పందెంలో ఎవరు గెలిచారన్నది మాత్రం అడవంతా ఏడాది పొడుగునా చెప్పుకునేది. మోదుగుల కళాశాల గెలిచి చాలా ఏళ్లయింది.

ఆ కళాశాలకు ఆటల అధికారి పరంధామయ్య అనే నక్క. పరుగు సంగతి అతనికి పెద్దగా తెలియదు. పాత విద్యార్థుల్లో ఎవరి దగ్గర ఎంత గడ్డి ఉందో మాత్రం బాగా తెలుసు. వేసవిలో ఆ అడవికి గడ్డే ధనం. ఏటా ఎండలు ముదరగానే పరంధామయ్య పాత విద్యార్థుల దగ్గరికి వెళ్లి, కళాశాల పరువు పేరు చెప్పి గడ్డి పోగుచేసుకొచ్చేవాడు.

నక్క గడ్డి తినదు. కానీ గడ్డితో పరంధామయ్య చేయించలేని పని లేదు. ఎలుగుబంటికి పడకకు గడ్డి పంపితే బదులుగా తేనెపట్టు వచ్చేది. గిజిగాళ్లకు ఇస్తే పందెం చూడవచ్చే పెద్దలకు పందిరి అల్లిపెట్టేవి. గడ్డిలో దొరికే పురుగుల కోసం వడ్రంగిపిట్టలు మేళం వాయించేవి. ఇవి కాక, తన బావమరిది సూరిబాబును మలుపుల సలహాదారుగా వేసుకున్నాడు. పరుగులో మలుపు వచ్చినప్పుడు ఎలా తిరగాలో జింకలకు చెప్పడం సూరిబాబు పని. అతను ఎప్పుడు చెప్పాడో, ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు గానీ, అతని వంతు తేనె మాత్రం వేళకు అందేది. ఇన్ని ఖర్చులూ పోగా మిగిలింది పరుగెత్తే జింకలకు వేసేవారు. ఆ ఏడు అది కూడా చాలలేదని, జింకల కాళ్లలో ముళ్లు తీసి గిట్టలకు మందు పెట్టే కొంగను పనిలోంచి తీసేశారు.

ఆ వేసవిలో పరంధామయ్య మొదట వెళ్లింది అచ్చాయమ్మ దగ్గరికి. అచ్చాయమ్మ అడవిగేదె. ఏటి మలుపులో పెద్ద మందకు పెద్దదిక్కు. చిన్నప్పుడు మోదుగుల కళాశాలలోనే చదువుకుంది. ఆ రోజుల్లో పందెం వచ్చిందంటే గొంతు బొంగురుపోయేదాకా అరిచేది. అడవిలో అంత పెద్ద గడ్డివామి ఇంకెవరికీ లేదు. కిందటేడు అందులో సగం కళాశాలకు ఇచ్చింది.

"అమ్మగారూ, కిందటేడు మీ పేరున వేయించిన పందిరి ఎలా ఉందండీ?" అన్నాడు పరంధామయ్య, కూర్చుంటూనే.

"చల్లగా ఉందయ్యా. మెడలో పూలదండ కూడా వేశారు. కానీ ఓడిపోయాం కదా!"

"అదే చెబుదామని వచ్చానమ్మా. అవతలి గట్టువాళ్లకు పందిళ్లు రెండు. మేళం మనకన్నా పెద్దది. మనం సగం ఖర్చు పెట్టి పూర్తి గెలుపు కావాలంటే ఎలా వస్తుంది? ఈసారికి వామి మొత్తం ఇప్పించండి. గెలిచి తీరుతాం."

"మొత్తం ఇచ్చేస్తే మా మంద ఏం తింటుంది?"

"వానలు ఇంకెంత దూరంలో ఉన్నాయి చెప్పండి? ఓ నాలుగు రోజులు ఓర్చుకుంటే సరి. గెలిచామంటే మీ మనవలూ మునిమనవలూ కూడా మీ పేరు చెప్పుకుంటారు."

అచ్చాయమ్మ నెమరు ఆపి ఆలోచించింది. మంద బక్కచిక్కి ఉన్న మాట నిజమే. అయినా పోయేలోగా ఒక్కసారి ఆ గెలుపు చూడాలని ఆవిడకు ఆశగా ఉంది.

"ఇవ్వనని అనను. ఇస్తాను," అంది. "కానీ కిందటేడు నా గడ్డి ఎటు పోయిందో నేను చూడలేదు. పందిరి కింద కూర్చుని దండ వేయించుకుని వచ్చేశాను. ఈసారి పరుగెత్తే పిల్లలు తింటుంటే ఒక్క పూట కళ్లారా చూస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు మోయించుకో."

"అంతకన్నానా అమ్మా! రేపే రండి," అన్నాడు పరంధామయ్య.

తిరిగొచ్చి పందెపు జింకల్ని ఓసారి చూసుకున్నాడు. అన్నిటికీ డొక్కలు కనిపిస్తున్నాయి. అందరికన్నా బాగా పరుగెత్తే నూకాలు అయితే ముందుకాలి గిట్ట చీలి కుంటుతోంది.

"వీటిని చూపిస్తే ఆ ముసలావిడ ఒక్క పరక కూడా రాల్చదు," అన్నాడు బావమరిదితో.

సూరిబాబు చాలా రోజుల తర్వాత ఒక సలహా ఇచ్చాడు. "వీటినే చూపించాలని ఎక్కడుంది బావా? వేరుశనగ చేల పక్కన రంగబాబూ వాళ్లూ ఉన్నారు కదా! వాళ్లూ జింకలే."

రంగబాబూ అతని జట్టూ రైతుల చేలల్లో పడి మేసి గుండ్రంగా తయారైన జింకలు. ఒంటిమీద నిగనిగలాడే చుక్కలు. పరంధామయ్య వాళ్ల దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు.

"మేమేం చెయ్యాలి?" అన్నాడు రంగబాబు.

"తినాలి."

"ఇంకా?"

"ఎవరైనా అడిగితే పందెపు జింకలమని చెప్పాలి."

"తినడం మాకు అలవాటున్న పనే. వస్తాం," అన్నాడు రంగబాబు.

మర్నాడు పొద్దున్నే అసలు జింకల్ని సాధన పేరు చెప్పి దూరపు గుట్ట మీదికి పంపేశారు. నూకాలు కూడా బయలుదేరింది గానీ, గిట్ట నొప్పికి గుట్ట ఎక్కలేక సగం దారిలోనే ఆగిపోయింది.

సాయంత్రం అచ్చాయమ్మ వచ్చేసరికి మోదుగుల కింద ఎలుగుబంటి దగ్గర అరువు తెచ్చిన గడ్డి కుప్పలుగా పోసి ఉంది. మేళం మోగింది. ప్రిన్సిపాలు తాబేలు ఎదురొచ్చి రెండు మాటలు మాట్లాడి ఒక పక్కన కూర్చున్నాడు. రంగబాబూ వాళ్లూ తల ఎత్తకుండా మేస్తున్నారు.

"చూశారా అమ్మగారూ," అన్నాడు పరంధామయ్య. "కిందటేటి మీ గడ్డి ఎటూ పోలేదు. ఇదిగో, వీళ్ల ఒంట్లోనే ఉంది."

అచ్చాయమ్మకు నిజంగానే సంతోషమనిపించింది. "పిల్లలు బాగున్నారయ్యా. మరీ ఒళ్లు చేశారేమో గానీ..."

"అదంతా బలమేనమ్మా."

అప్పుడే పొదల్లోంచి నూకాలు కుంటుతూ వచ్చింది. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. గడ్డి వాసన తగిలి వచ్చింది. కుప్పలు చూసి, వాటి చుట్టూ మేస్తున్న కొత్త ముఖాలు చూసి ఆగిపోయింది.

"అయ్యగారూ, మాకు వేసే వేళయిందాండీ?" అంది.

పరంధామయ్య చటుక్కున అడ్డం వెళ్లాడు. "పో, పో! ఇవాళ పెద్దవాళ్లు వచ్చారు." అచ్చాయమ్మ వైపు తిరిగి, "ఎవరో అడుక్కునేదమ్మా. మతి సరిగా లేదు," అన్నాడు.

"ఇలా రా పిల్లా," అంది అచ్చాయమ్మ. "ఎవరమ్మాయివి?"

"నూకాలంటారమ్మా. పందెంలో పరుగెత్తుతాను. కిందటేడు రెండో స్థానంలో వచ్చాను."

"నిన్న ఏం తిన్నావు?"

"ఎండు మోదుగాకు."

"కాలికేమైంది?"

"గిట్ట చీలిందమ్మా. కొంగ ఉంటే మందు పెట్టేది. తీసేశారు. పందెం అయ్యాక చూద్దామన్నారు అయ్యగారు."

మేళం ఆగిపోయింది. ప్రిన్సిపాలు తాబేలు తల లోపలికి లాగేసుకున్నాడు.

అచ్చాయమ్మ నూకాలు గిట్ట చూసింది. రంగబాబు గిట్టలు చూసింది. అతని గిట్టల అంచులు అరగనే లేదు, సందుల్లో చేని మట్టి. కిందటేడు పందెం రోజున కూడా ఈ పిల్ల తన పందిరి ముందునుంచే పరుగెత్తి ఉండాలి. అప్పుడు చుట్టూ చేరినవాళ్ల పొగడ్తలు వింటూ, ఒక్క ముఖం కూడా సరిగా చూడలేదని ఆవిడకు అర్థమైంది. మనసు చివుక్కుమంది. అయినా గొంతు పెంచలేదు.

"పరంధామయ్యా, నీ మాటే నిజమనుకుంటాను. వామి మొత్తం ఇచ్చేస్తున్నాను," అంది.

పరంధామయ్య తోక దానంతటదే ఊగింది. "మీరు చల్లగా ఉండాలమ్మా! రేపు పొద్దున్నే మోయించుకుంటాం."

"మొయ్యడమెందుకయ్యా? తినే నోళ్లు వీళ్ల దగ్గరున్నాయి, గడ్డి నా దగ్గరుంది. పందెం దాకా రోజూ ఈ పిల్లలే నా వామి దగ్గరికొచ్చి తింటారు. ఒక్క పరక కూడా బయటికి పోదు. పందెంలోనూ వీళ్లే దిగాలి. నా గడ్డి తిన్నవాళ్లు పరుగెత్తుతుంటే చూడాలి నేను."

"వస్తామమ్మా!" అన్నాడు రంగబాబు నోట్లో గడ్డితోనే. "మా పెదనాన్న పిల్లలు కూడా పందెపు జింకలే. వాళ్లనూ తీసుకొస్తాం."

పరంధామయ్య లెక్కలు తలకిందులయ్యాయి. ఎలుగుబంటికి ఇస్తానన్న గడ్డి ఎక్కడినుంచి తెస్తాడు? గిజిగాళ్లకు ఏం చెబుతాడు? "అమ్మగారూ, మీకెందుకు శ్రమ? కళాశాలకు చేరిస్తే మేమే పద్ధతిగా పెట్టుకుంటాం కదా," అన్నాడు.

"నాకేం శ్రమ లేదు. నేనెలాగూ అక్కడే ఉంటాను."

"కానీ... వీళ్లు పందెంలో దిగుతారో లేదో..."

"ఎందుకు దిగరు? పందెపు జింకలన్నావు కదా!"

ఆ మాటకు తాబేలు తల మళ్లీ బయటికొచ్చింది. "ఏమిటీ, వీళ్లా ఈసారి పరుగెత్తేది?" అన్నాడు ఆందోళనగా. "మలుపు దాకా కూడా పోలేరు! పరంధామయ్యా, నా పరువేం కావాలి? నీ ఉద్యోగమేం కావాలి?"

"ఎందుకు పోలేం?" అన్నాడు రంగబాబు. "వామి ఖాళీ అయ్యేదాకా పందెపు జింకలం మేమే. ఎవరు కాదంటారు?"

అందరూ పరంధామయ్య వైపు చూశారు. ఔనంటే వామిని రంగబాబు చుట్టాలు తినేస్తారు, పందెంలో అడవంతా నవ్వుతుంది, ఉద్యోగం పోతుంది. కాదంటే తన అబద్ధం తనే ఒప్పుకోవాలి.

"వీళ్లు పందెపు జింకలు కాదమ్మా," అన్నాడు చివరికి, నేల చూస్తూ.

"మరెవరు?"

"ఆ కుంటిది... దాంతోపాటు గుట్ట మీదికి పోయినవి."

"ఇంకొంచెం గట్టిగా చెప్పు. మేళం వాళ్లకు వినపడలేదు."

పరంధామయ్య గట్టిగానే చెప్పాడు. రంగబాబు ఆఖరి కుప్పలోంచి నోటినిండా గడ్డి తీసుకుని, జట్టుతో సహా చేలవైపు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి అసలు జింకలు అచ్చాయమ్మ వామి దగ్గర తిన్నాయి. మందకు కావలసింది ఒక పక్కకు తీసి, మిగిలింది వాటికి వదిలింది ఆవిడ. కొంగను పిలిపించింది. కొంగ నూకాలు గిట్ట చూసి, "ఈ కాలితో పందెంలో దిగితే మళ్లీ పరుగెత్తలేదు," అని చెప్పింది.

నూకాలు ఏడ్చింది. "అమ్మా, ఏడాదంతా దీనికోసమే ఎండుటాకులు తిని ఓర్చుకున్నాను. ఒక్కసారి దిగనియ్యండి. నేనుంటే గెలుస్తాం. మీకూ గెలుపు చూడాలనుంది కదా?"

అచ్చాయమ్మ నూకాలు గిట్ట వైపు చూసింది. ఆ పిల్ల అన్నది నిజం. దిగితే గెలుస్తుందేమో కూడా. ఆ గెలుపు తన వయసుకు మళ్లీ దొరక్కపోవచ్చు.

"చూడాలనే ఉంది," అంది. "కానీ నీ కాలు పోగొట్టి చూసే గెలుపు నాకొద్దు తల్లీ. పడుకో."

పందెం రోజున అచ్చాయమ్మ పందిరి కిందికి వెళ్లలేదు. నూకాలును పక్కన కూర్చోబెట్టుకుని దారి పక్కన నేలమీద కూర్చుంది. గొంతు బొంగురుపోయేదాకా ఇద్దరూ అరిచారు. మోదుగుల కళాశాల ఓడిపోయింది. అయితే పరుగెత్తినవాళ్లలో ఎవరూ మధ్యలో కూలబడలేదు. అలాంటిది చూసి కూడా చాలా ఏళ్లయింది.

పరంధామయ్య ఉద్యోగం పోలేదు గానీ, చేతికి గడ్డి రావడం ఆగిపోయింది. తమకు రావలసిన గడ్డి రాలేదని గిజిగాళ్లు పందిరినే విప్పుకుని పోయాయి. ఎలుగుబంటి తేనె ఆపేసింది. తేనె లేదని తెలిసిన రోజునే సూరిబాబు అక్కగారి ఇల్లు ఖాళీ చేశాడు.

వానలు పడ్డాక పరంధామయ్య ఏరు దాటి, అవతలి గట్టు కళాశాలలో పని అడిగాడు. వాళ్లు చేర్చుకుని, మొదటి రోజే ఒక ముసలి అడవిపంది దగ్గరికి విరాళానికి పంపారు. ఆవిడ నేల తవ్వి దాచుకున్న దుంపలకు ఆ గట్టున పేరుంది. పరంధామయ్య ఒళ్లు దులుపుకుని, నవ్వు ముఖం పెట్టుకుని, కళాశాల పరువు గురించి ఎత్తుకున్నాడు.

అడవిపంది చివరిదాకా విని, లేచి నిలబడింది.

"అలాగేనయ్యా, ఇస్తాను. పద, ముందు ఆ పరుగెత్తే పిల్లలు ఎక్కడ తింటున్నారో చూపించు," అంది.

పరంధామయ్య ఆ సాయంత్రమే ఆ ఉద్యోగం మానేశాడు.

నీతి: ఇచ్చేవాళ్లు తమకు జరిగే మర్యాదను కాదు, తామిచ్చింది ఎవరి కడుపులోకి చేరిందో చూసుకోవాలి.