ముప్పయ్యో కీర్తన

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్ల కంటే పాటగాళ్ళే ఎక్కువ. అందుకని అక్కడ ఒక సంగీత కళాశాల కూడా ఉండేది. గాత్రంలో ఎం.ఏ. ఇచ్చేవారు. మా రోజుల్లో ఎం.ఏ. చదివినవాణ్ణి చూడ్డానికి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చేవారు. సరే, అదలా ఉంచండి.

ఆ కళాశాలలో శ్యామల అనే జెముడుకాకి చదివేది. గొంతు గంభీరం, గుండె మాత్రం పిరికిది. ఆఖరి పరీక్షకు ముప్పై కీర్తనల పట్టిక రాసివ్వాలి. అందులోంచి ఏ మూడు అడిగితే ఆ మూడూ పాడాలి. శ్యామలకు వచ్చినవి ఇరవై తొమ్మిది.

“ఒక్కటి తక్కువైందే! పట్టిక ఇవాళే ఇవ్వాలి” అంది దిగులుగా.

“ఎవరికీ రాని పాట పేరు రాసెయ్యవే పిచ్చిదానా! తప్పు పాడినా పట్టుకునేదెవరు?” అంది స్నేహితురాలు గోరింక.

అమ్మమ్మ నోట పేరు మాత్రమే విన్న ‘వరద కీర్తన’ రాసేసింది శ్యామల. ఆ క్షణం నుంచి తిండి సయించలేదు.

“కళ్ళెర్రబడ్డాయి, ఏడ్చావా ఏమిటే?” అంది గోరింక.

“మా జాతి కళ్ళే అంత!” అని కసిరింది శ్యామల. ఏడ్చిన మాట నిజమే.

పరీక్ష చెయ్యడానికి ముసలి కొంగ మాస్టారు వచ్చారు. ఆయన ఒంటికాలి మీద నిలబడి పట్టిక చదువుతుంటే శ్యామల రెండు కాళ్ళూ దగ్గర పెట్టుకుని నిలబడింది. తుమ్మెద శ్రుతి పట్టింది.

“ఇప్పపూల కీర్తన అందుకో అమ్మా.”

పాడింది.

“తొలకరి కీర్తన.”

అదీ పాడింది. ఇక ఒక్కటే. అది కాకపోతే గండం గడిచినట్టే.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. “వరద కీర్తన పాడు తల్లీ. మా గురువుగారు పోయాక మళ్ళీ వినలేదు. పల్లవి ఏదో లీలగా గుర్తుంది, అంతే. నీ పట్టికలో ఆ పేరు చూసినప్పటినుంచి నాకు నిద్ర లేదు.”

ఏదో ఒకటి అల్లి పాడితే పట్టా వచ్చేస్తుంది. శ్రుతి మోగుతూనే ఉంది. శ్యామల నోరు తెరిచింది.

“మాస్టారూ, అది నాకు రాదండీ. ముప్పై నిండాలని రాశాను.”

తుమ్మెద టక్కున ఆగిపోయింది. మాస్టారు ఎత్తిన కాలు మెల్లగా దించారు.

“ఈ ఏడు నీకు పట్టా రాదు.”

“తెలుసండీ.”

“నువ్వేదో పాడేసి ఉంటే, అదే కాబోలనుకుని నాకు మిగిలిన ఆ కాస్త పల్లవీ పోగొట్టుకునేవాణ్ణి. ఇలా దగ్గరికి రా. నేను మరిచిపోకముందే నేర్చుకో.”

శ్యామల ఆ ముసలి గొంతు వెంట పాడింది.

నీతి: రానిదాన్ని రాదని ఒప్పుకుంటే ఒక ఏడాది పోవచ్చు, వచ్చినట్టు నటిస్తే విద్యే పోతుంది.