కీ ఉన్నంతసేపే నవ్వు

అనగనగా ఒక ఉప్పుటేటి ఒడ్డున, చేపలు పట్టుకు బతికే ఒక పాలెం ఉండేదమ్మా. నువ్వు పడుకో, దుప్పటి కప్పుకో. ఈ కథ చెబుతుంటే నాకు కోపం వస్తుంది. భయపడకు, నీ మీద కాదులే.

ఒక ఏడు ఆ పాలెం మీదికి ఉప్పెన వచ్చింది. గుడిసెలు పోయాయి, వలలు పోయాయి, కుండల్లో గింజలు పోయాయి. అక్కడ మసేనమ్మ అని ఒకావిడ ఉండేది. ఉప్పెన వెళ్ళిన మర్నాడే ఆవిడ కూతురు పురుడు పోసుకుంది. మూడు రోజులపాటు ఆ బాలింత నోట్లోకి మెతుకు పోలేదు. తల్లికి తిండి లేకపోతే పిల్లకి పాలెక్కడివి? పిల్ల ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేసింది.

అప్పుడు పట్నం నుంచి ఒక లారీ వచ్చింది. అందులో ఆరు బస్తాల బియ్యం, బియ్యం మిల్లు యజమాని కోటిలింగం గారు, కర్ర పట్టుకున్న ఆయన మనిషి ఒకడు, కెమెరా పట్టుకున్న జోసెపు. కోటిలింగం గారు వచ్చే ఎన్నికల్లో నిలబడాలి. తను బియ్యం పంచుతుంటే సినిమా తీయించి, పట్నం హాల్లో ఆట ముందు వేయించాలని ఆయన ఆశ.

ఆ కెమెరా ఎలాంటిదో చెప్పనా? చూడ్డానికి ఇంతే ఉంటుంది, ఎత్తితే ఇనుము. దానికి కరెంటు అక్కర్లేదు. గోడగడియారానికి ఇచ్చినట్టు పక్కన కీ ఇవ్వాలి. లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కితే ఆ స్ప్రింగు విచ్చుకుంటూ, కిర్రుమంటూ, ఫిల్మును తిప్పుతుంది. మనుషుల నడకనీ నవ్వునీ ఓ చుట్ట ఇనుము పట్టేస్తుందంటే నాకిప్పటికీ వింతే. కానీ ఎంతసేపు? అరనిమిషం. ఆ తర్వాత ఆగిపోతుంది. మళ్ళీ కీ ఇవ్వాలి.

బస్తాలు లారీ ముందు దించి, మసేనమ్మని ముందుకు పిలిచారు. ఆవిడ కొంగు ఒడిలా పట్టింది. కెమెరా కిర్రుమంది. కోటిలింగం గారు చల్లగా నవ్వుతూ కుంచెడు బియ్యం పోశారు. కిర్రు ఆగింది. నవ్వూ ఆగింది. అప్పుడు ఆ బియ్యం మళ్ళీ బస్తాలో పొయ్యమన్నారు. ఆయన మొహం సరిగ్గా పడలేదట, ఇంకోసారి తియ్యాలట. మసేనమ్మ పోసేసింది. కొంగుకి అంటుకున్న నాలుగు గింజలు కూడా దులిపించాడు కర్ర మనిషి.

ఆ తర్వాత రెండోసారి. ఈసారి బియ్యం పడగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టమన్నారు. చేతులెత్తితే ఒడి ఎవరు పట్టుకుంటారని మసేనమ్మ అడిగింది. ఎదురు మాట్లాడొద్దని కర్ర మనిషి కసిరాడు. కెమెరా కిర్రుమంది. బియ్యం ఒడిలో పడ్డాయి. మసేనమ్మ చేతులు జోడించింది. కొంగు జారి, బియ్యమంతా బురదలో పడింది.

చూడు తల్లీ, పసిపిల్లకి పాలవ్వాల్సిన బియ్యం. కోటిలింగం గారు ఏమన్నారో తెలుసా? దణ్ణం మాత్రం బాగా వచ్చిందన్నారు. గింజ విలువ తెలీదు గనకే వీళ్ళ బతుకులిలా ఉన్నాయని కూడా అన్నారు. మసేనమ్మ వంగి ఏరుకోబోతే, మళ్ళీ తీసేటప్పుడు అడ్డం, లెమ్మన్నారు. ఇక్కడికొచ్చేసరికి నా పళ్ళు బిగుసుకుంటాయి.

అప్పుడు మసేనమ్మ జోసెపు దగ్గరికి వెళ్ళింది. అతను మళ్ళీ కీ తిప్పుతున్నాడు. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాడు. ఈ బియ్యం మాకు పంచేదెప్పుడు బాబూ అని ఆవిడ అడిగింది. పంచరమ్మా అన్నాడతను. ఇవే బస్తాలతో ఇంకో రెండు పాలేల్లో బొమ్మ తియ్యాలట. ఆనక తిరిగి మిల్లుకే పోతాయట.

మసేనమ్మ ఆ కీ వైపు చూసింది.

"అది కిర్రుమన్నంతసేపూ ఆయన నవ్వుతూనే ఉండాలా?" అని అడిగింది.

"ఉండాలమ్మా," అన్నాడు జోసెపు. ఇంకో నాలుగు చుట్లు తిప్పాడు, కీ ఇక తిరగనని మొరాయించేదాకా.

ఆవిడ వెళ్ళి ఆడవాళ్ళ చెవుల్లో ఒక మాట వేసింది.

మూడోసారి కెమెరా కిర్రుమంది. కోటిలింగం గారు నవ్వారు. మసేనమ్మ ఒడి పట్టలేదు. నేరుగా వెళ్ళి ఒక బస్తా కొస పట్టుకుంది. ఆవిడ మరదలు రెండో కొస పట్టుకుంది. ఎత్తి నడిచారు. వాళ్ళ వెనక ఇద్దరు. వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు, అలా ఆరు జతలు. ఎవరూ పరిగెత్తలేదు. తమ ఇంటి సామాను తాము మోసుకుపోతున్నట్టు పోయారు. కోటిలింగం గారి నవ్వు మొహానికి అతుక్కుపోయింది. పళ్ళ సందుల్లోంచి, వాళ్ళనాపరా అంటున్నారు. కర్ర మనిషి కర్ర ఎత్తాడు.

"కర్ర బొమ్మలో పడుతోందండి," అన్నాడు జోసెపు, మీట మీంచి వేలు తియ్యకుండా.

కర్ర దిగింది. కిర్రు ఆగేసరికి లారీ ముందు ఒక్క బస్తా లేదు. కోటిలింగం గారు అప్పుడు అరిచారు. ఏటి దగ్గర విరిగిన పడవలు లాగుతున్న మగవాళ్ళంతా తలలెత్తి ఇటు చూశారు. ఆ తర్వాత లారీ వెళ్ళిపోయింది.

ఆ పూట పాలెమంతా గంజి కాగింది. బాలింత రెండు ముంతలు తాగింది. సాయంత్రానికి పిల్ల గట్టిగా ఏడ్చింది. అది విని మసేనమ్మ కూలబడి తనూ ఏడ్చింది.

అక్కడితో అయిపోతే నాకింత కోపం ఉండేది కాదమ్మా. బురదలో పడిన ముక్క కత్తిరించేసి, తక్కిన బొమ్మంతా పట్నం హాల్లో వేశారు. దణ్ణం పెట్టే ఆడది, నవ్వే పెద్దమనిషి, బస్తాలకి బస్తాలు మోసుకుపోయే పేదవాళ్ళు. ఎంత పెద్ద చెయ్యో అని జనం చప్పట్లు కొట్టారు. చేపలమ్ముకోడానికి వచ్చిన మసేనమ్మ నేల టిక్కెట్టు కొనుక్కుని అక్కడే కూర్చుని ఉంది. లేచి వెళ్ళి తెర ముందు నిలబడింది. ఆయన నవ్వు ఆవిడ చీర మీద పడింది. కూర్చోమని జనం అరిచారు. ఆవిడ కూర్చోలేదు.

"ఆయన ఇవ్వలేదు," అంది. "మేం తీసుకున్నాం."

ఆ మాట ఏ ఫిల్ములోనూ లేదు. అందుకని నేను నీకు చెబుతున్నాను.

బియ్యం పోయె గంజికి,
గంజి పోయె బాలింతకి,
కథ నడిచె కంచికి,
కోపం వచ్చె మనింటికి.