వేలు పట్టేంత రంధ్రం

పొద్దెక్కి రెండు గడియలైంది. మణిదుర్గమనే రాజ్యంలో, అద్దకం పనిచేసే ఓబులమ్మ పొయ్యి మీది గంజి దించుతూ మొగుడితో అంది: "నా కొడుకును యుద్ధానికి లాక్కుపోయిన ఈ రాజు కళ్లు పోనూ." గంజి చల్లారకముందే భటులు వచ్చారు.

పొరుగురాజు వేగులు ఊళ్లో తిరుగుతున్నారని మణిదుర్గం రాజు ఉద్దండవర్మకు భయం. అందుకే ప్రతి ఇంటి గోడకూ వేలు పట్టేంత రంధ్రం తొలిపించాడు. అవతల ఎవరు చెవి పెట్టారో ఎవరికీ తెలియదు. జనం ఇంట్లో ఉప్పు కావాలన్నా సైగ చేసి అడుగుతున్నారు.

సభలో ఓబులమ్మను నిలబెట్టారు.

"ఇదంతా దేశరక్షణ కోసం. తప్పు మాట్లాడనివాడికి భయమెందుకు?" అన్నాడు రాజు. "సాయంత్రం దీని నాలుక కోయించండి."

విదూషకుడు సూరంభట్టు లేచాడు.

"ప్రభూ, ఈ ఉదయం నేనూ ఒక గోడ దగ్గర విన్నాను. దానికీ తీర్పు చెప్పాలి."

"ఎవడు వాడు?"

"ముందు మాట, తర్వాత పేరు. స్నానం చేస్తూ ఒకాయన భార్యతో అంటున్నాడు, 'మన సేనాపతి ఉన్నాడే...' అని."

సేనాపతి తల తిప్పి చూశాడు. రాజు ముఖం పాలిపోయింది.

"మిగతాది చెప్పమంటారా ప్రభూ?"

"వద్దు. దగ్గరికి రా." రాజు గొంతు తగ్గించాడు. "ఏ గోడ?"

"తమ స్నానశాల వెనక గోడ. అన్ని ఇళ్లకూ తొలవమన్నారు తమరు. కోటను వదిలేయాలా అని అడిగే ధైర్యం మేస్త్రీలకు లేకపోయింది."

"ఇంకెవరు విన్నారు?"

"అది చెప్పలేను. చెవి పెట్టింది మన మనిషో పొరుగురాజు మనిషో రంధ్రానికి తెలియదు కదా ప్రభూ."

సేనాపతి ఇంకా ఇటే చూస్తున్నాడు. రాజు పెద్దగా నవ్వాడు. నవ్వవచ్చో లేదో తేల్చుకుని సభ కాస్త ఆలస్యంగా నవ్వింది.

"గట్టివాడివే భట్టూ," అంటూ రాజు తన ఉంగరం తీసి ఇచ్చాడు. ఓబులమ్మను వదిలేయమన్నాడు. రంధ్రాలన్నీ పూడ్చమన్నాడు.

స్నానశాల గోడకు మేస్త్రీలు తొలిచింది ఒక్కటే రంధ్రం. మర్నాడు పూడ్చడానికి వెళితే, అక్కడ మూడు ఉన్నాయి.