కుండ ఎవరు పట్టుకుంటారు

వేములకోన రాజుకూ పొరుగు రాజుకూ మర్నాడు పిస్తోలుతో కుండలను గురిచూసి కొట్టే పందెం. ఓడితే కుమ్మరులు మట్టి తవ్వుకునే చెరువు పొరుగువారి పాలవుతుంది.

సేనను నడిపే దళవాయి భుజంగరాయుడు బంగారు పిడి పిస్తోలు, వెండిపూత గుళ్ళు తెచ్చి, "ప్రభూ, దీనికి గురి తప్పడం తెలీదు" అన్నాడు. పక్కనే తుపాకులు చేసే దస్తగిరి తెచ్చిన నల్ల పిస్తోలు, సీసపు గుళ్ళు ఉన్నాయి. రాజు చెయ్యి బంగారు పిడి మీదికే పోతోంది.

గురికుండలు మోసుకొచ్చిన కుమ్మరి సింగమ్మ అది చూసింది. దళవాయి ఆ పిస్తోలుతో సాధన చేసిన ప్రతిసారీ ఆమె కుండలు చెక్కుచెదరకుండా ఇంటికొచ్చేవి. ఆ మాట పైకి అంటే ఆయన ఊరుకోడు.

"రెండూ కాల్చి చూడండి ప్రభూ. కుండ దొర్లిపోకుండా, ఏ పిస్తోలు తెచ్చినవారు దానికి కుండ పట్టుకుంటే సరి" అంది వినయంగా.

దస్తగిరి వెళ్ళి కుండ పట్టుకున్నాడు. రాజు నల్ల పిస్తోలు కాల్చాడు. దస్తగిరి చేతిలో పెంకు మిగిలింది.

దళవాయి మాత్రం కదల్లేదు.

"నమ్మకం లేనిది పిస్తోలు మీదా, నా గురి మీదా?" అనడిగాడు రాజు.

"మీ గురికి తిరుగేముంది ప్రభూ. ఈ పిస్తోలే కాస్త పక్కకి పోతుంది" అన్నాడు దళవాయి.

మర్నాడు నల్ల పిస్తోలుతో రాజు గెలిచాడు.

దళవాయి సింగమ్మను నిలదీశాడు. "నేను కుండ పట్టుకుని నిలబడి ఉంటే ఏం చేసేదానివే?"

"మీరు నిలబడేంత మంచి పిస్తోలైతే నాకు అడ్డేముంది దొరా? మా చెరువు మాకు దక్కితే చాలు."