గుండు లేని తుపాకి

అనగనగా ఒక ఎర్రకొండ, ఆ కొండ కింద ఒక పాళెగారి కోట, ఆ కోట వెనకాల ఒక వేటగాళ్ల పేట ఉండేవి. ఆ పేటకు పెద్ద మారెప్ప. అతని కుడిచేతికి పాళెగారు తొడిగించిన వెండి కడియం ఉండేది. ఆ కడియం ఎవరి చేతికి ఉంటే వాళ్లే వేటకు ముందు నడవాలి, వాళ్ల మాటే అందరూ వినాలి.

మారెప్పకు ఒక్కడే కొడుకు, సుంకన్న. పదహారేళ్లవాడు. మీసం ఇంకా సరిగ్గా మొలవలేదు గానీ మంచి చురుకైనవాడు.

ఆ కాలపు తుపాకి పేల్చడం అంత సులువు కాదు సుమా! గొట్టం మూతిలోంచి ముందు మందు పోయాలి. పైన కొబ్బరిపీచు కుక్కాలి. ఆపైన సీసపు గుండు వేసి, మళ్లీ పీచు పెట్టి, ఇనుప చువ్వతో గట్టిగా దట్టించాలి. ఇంత తతంగం అయ్యేదాకా జింక నిలబడి చూస్తుంటుందా? అందుకే పేటలో ఒకరు జింక మీద కన్ను వేసి ఉంచేవారు, మరొకరు తుపాకి దట్టించి అందించేవారు. దట్టించినవాడి చేతిని పేల్చేవాడు నమ్మి తీరాలి. ఒకరు దట్టించిన తుపాకిలో ఇంకొకరు చువ్వ పెట్టి చూస్తే, ముఖం మీద ఉమ్మేసినంత అవమానం.

చిన్ననాటినుంచీ సుంకన్న దట్టించేవాడు, మారెప్ప పేల్చేవాడు. ఒకనాటి వేటలో మారెప్ప గురి రెండుసార్లు తప్పింది. "పిల్లోడికి ఇచ్చి చూడు మారెప్పా" అన్నాడు పాళెగారు సరదాగా. సుంకన్న తుపాకి అందుకున్నాడు. పొదల మీదుగా దూకుతున్న జింకను దూకుతుండగానే కొట్టాడు.

పాళెగారు చప్పట్లు చరిచాడు. "మారెప్పా, నీ కొడుకు నిన్ను మించినాడు! వచ్చే పారువేటలో తుపాకి వీడు పట్టనీ, నువ్వు దట్టించు. వీడు జింకను కొట్టినాడంటే కడియం వీడిదే!"

ఏ తండ్రి అయినా ఎగిరి గంతేయవలసిన మాట. మారెప్ప నవ్వాడు, పైకి మాత్రమే. లోపల అతని కడుపు భగ్గున మండింది.

ఆనాటినుంచి పేటలో ఎక్కడ విన్నా సుంకన్న పేరే. దారిన పోయేవాళ్లు ఆగి మరీ వాడి భుజం తట్టేవారు. పక్కనే నిలబడ్డ మారెప్పను పలకరించే దిక్కు లేదు. 'నిన్నమొన్నటిదాకా నా గోచీ పట్టుకుని నడిచినోడు, నా చేతి కడియం లాక్కుంటాడా!' అని మారెప్పకు తిన్న సంగటి కూడా సహించేది కాదు. ఓర్వలేనితనం అట్లాంటిది, కొడుకని కూడా చూడదు.

ఏడాదికోసారి వచ్చే పెద్దవేట, పారువేట, రానే వచ్చింది. అది మూడు రోజుల వేట.

మొదటిరోజు చింతచెట్ల వంకలో జింక కనబడింది. సుంకన్న కన్ను జింక మీద ఉంది. మారెప్ప మందు పోశాడు, పీచు కుక్కాడు. గుండును మాత్రం వేళ్ల సందున దాచి, మెల్లగా గోచిలో దోపుకున్నాడు. సుంకన్న పేల్చాడు. ఢామ్మని మోత, గుప్పున పొగ. జింక చెంగున దూకి పోయింది.

"తొలిరోజే గదా, పోనీలే" అన్నాడు పాళెగారు.

ఆ సాయంత్రం తల్లి తిమ్మక్క వేడి ఆముదం తెచ్చి కొడుకు భుజానికి రాయబోయింది. గుండు వేసి పేల్చిన తుపాకి వెనక్కి గాడిదలా తంతుంది. వేట నుంచి వస్తే పేల్చినవాడి భుజం కమిలి ఉండేది.

"ఇదేమిరా, ఈ పొద్దు భుజం ఎర్రగన్నా కాలేదే!" అంది తిమ్మక్క.

మారెప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సుంకన్న తండ్రి వైపు ఒక్కసారి చూసి తల వంచుకున్నాడు. "మెల్లగా తన్నిందిలేమ్మా" అన్నాడు.

రెండోరోజూ అదే కథ. మోత మోగింది, పొగ లేచింది, జింక పోయింది. ఈసారి పాళెగారు ముఖం చిట్లించాడు. వెంట వచ్చినవాళ్లు "తుపాకి పట్టినోళ్లంతా మారెప్పలవుతారా!" అని నవ్వారు. సుంకన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. మారెప్పకు ఆ నవ్వులు తేనెలా ఉన్నాయి. కానీ కొడుకు ముఖం చూడాలంటే మాత్రం ఎందుకో మెడ తిరగలేదు.

మూడోరోజు సెలయేటి ఒడ్డున బండచాటున కూర్చున్నారు. పాళెగారు, మిగతావాళ్లు వెనకాల గట్టు మీద ఉన్నారు. మారెప్ప మందు పోశాడు, పీచు కుక్కాడు, చువ్వతో దట్టించాడు. గుండు మళ్లీ గోచిలోకే పోయింది. తుపాకి కొడుక్కిచ్చి, జింకలు ఎటునుంచి వస్తాయో చూడడానికి కొంచెం ముందుకు పోయాడు.

కాసేపటికి జింక వచ్చి నీళ్లలో మూతి పెట్టింది. అంతలో సుంకన్న వెనకాల పొద గుర్రుమంది. నల్లటి ఎలుగుబంటి లేచి నిలబడి, వాడి మీదికి ఉరికింది!

మారెప్ప వెనక్కి తిరిగి చూశాడు. కడియం గుర్తు లేదు, పెద్దరికం గుర్తు లేదు. "పారిపోరా సుంకన్నా! తుపాకిలో గుండు లేదురా! నేనే వేయలేదు! పారిపోరా కొడుకా!" అని అడవంతా మారుమోగేలా అరుస్తూ, ఉత్తచేతులతో ఎలుగు మీదికి పరిగెత్తాడు.

సుంకన్న కదలలేదు. వెనక్కి తిరిగి పేల్చాడు. ఎలుగు వాడి కాళ్ల దగ్గర కూలబడింది.

సుంకన్న తుపాకి కింద పెట్టి, తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. "తడి ఇసుకలో ఎలుగు అడుగులు చూసినాను నాయనా. నువ్వు అటు పోయినప్పుడు నా సంచిలోని గుండు వేసి దట్టించినాను. నీ చేయి పడిన తుపాకిలో చువ్వ పెట్టినాను. తప్పు నాదే."

గట్టు మీంచి పాళెగారు దిగి వచ్చాడు. అంతా విన్నాడు కదా, కోపంతో మీసం అదురుతోంది. "రెండు దినాలు నలుగురిలో నవ్వులపాలైనావు. గుండు లేదని తెలిసీ ఎందుకు నోరు మెదపలేదురా?"

"భుజం చెప్పింది దొరా. కానీ మా నాయన చేతిని నమ్మవద్దని నా నోటితో ఎట్లా చెప్పేది?"

ఆ మాటకు మారెప్ప భోరున ఏడ్చాడు. గోచిలో దాచిన మూడు గుండ్లూ తీసి పాళెగారి ముందు పెట్టాడు. తర్వాత కడియం లాగాడు. ఏళ్ల తరబడి చేతికి పట్టేసిన కడియం, ఒక పట్టాన రాలేదు. చర్మం గీసుకుపోతున్నా లాగి, కొడుకు చేతికి తొడిగాడు. అది వాడికి వదులుగా ఉంది. "నిండుతుందిలేరా" అన్నాడు మారెప్ప.

ఆ తర్వాత ఎన్నో వేటలకు తండ్రీ కొడుకులు కలిసే వెళ్లారు. మారెప్ప దట్టించే ముందు ప్రతిసారీ అరచేయి చాపి గుండు చూపించేవాడు. సుంకన్న ఏనాడూ ఆ అరచేతి వంక చూడలేదు. వాడి కన్ను జింక మీదే ఉండేది.

పిల్లలూ, పెద్దలూ, విన్నారా? కన్నబిడ్డ తమను మించి ఎదిగితే కడుపు నిండాలి గానీ మండకూడదు.